వ్రేలు గ్రుచ్చని పరీక్ష - దాని హద్దులు

ఇన్సులిన్ పుచ్చుకొను మధుమేహ రోగులకు దినమునకు నాలుగైదు మారులు వ్రేలు గ్రుచ్చి రక్తపు బొట్టు తీయుట ఒక శిక్షయే. ఇప్పుడు జబ్బ వెనుక చిన్న బిళ్ళ అతికించుకొని ఫోనులో చక్కెర లెక్క చూచుకొనువారు మన పెండ్లి పందిళ్ళలో సైతము కనిపించుచున్నారు. సౌకర్యము మంచిదే. కాని అది కొలుచునదేమియో తెలియకయే దానిని నమ్ముట మంచిది కాదని మా అభిప్రాయము.

ఆ బిళ్ళ రక్తమును ముట్టదు. దాని సన్నని తీగ చర్మము క్రింద కణముల నడుమ నుండు ద్రవములో నిలిచి యుండును. తీగపై నుండు ఎంజైము చక్కెరతో కలిసినపుడు పుట్టు స్వల్ప విద్యుత్తే అంకెగా మారును. ఎంజైముతో చక్కెరను కొలుచు ఈ మార్గమును 1962లో లేలాండ్ క్లార్క్, ఛాంప్ లయన్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి. అయితే రక్తములోని చక్కెర ఆ ద్రవమునకు చేరుటకు కొన్ని నిమిషములు పట్టును. చక్కెర నిలకడగా నున్నపుడు ఈ ఆలస్యము లెక్కకు రాదు; ఇన్సులిన్ వలన వేగముగా పడిపోవునపుడు మాత్రము ఫోనులోని అంకె గడచిపోయిన స్థితిని చెప్పును. చెమటలు పోసి చేతులు వణకుచుండగా, అంకె బాగుగనే యున్నదని ఊరకుండరాదు. వ్రేలు గ్రుచ్చియే చూడవలెను. అందుకు వీలులేనిచో ముందుగా చక్కెర నోట వేసికొనవలెను.

అసలు సూదియే లేని పరీక్ష కొత్త ఆశ కాదు. గ్లూకోవాచ్ అను చేతి గడియారమునకు 2001లో అమెరికా ఆహార ఔషధ సంస్థ అనుమతి నిచ్చెను. అది స్వల్ప విద్యుత్ ప్రవాహముతో చర్మము గుండ ఆ ద్రవములోని చక్కెరను పైకి లాగెడిది. కట్టుకొని మూడు గంటలు వేచి, పిదప వ్రేలు గ్రుచ్చి సరిచూచినగాని పని ప్రారంభింపదు. చర్మము ఎఱ్ఱబారి మండెడిది. అంతకన్న విపరీతము, చెమట పట్టినచో లెక్క మానెడిది. చక్కెర పడిపోవుటకు చెమటయే ముఖ్యమైన గుర్తు గదా! దొంగ వచ్చిన వేళనే కావలివాడు నిద్రించినట్లయినది. పిల్లలపై పరీక్షించినపుడు వారిలో అనేకులు క్రమముగా దానిని కట్టుకొనుట తగ్గించిరి. కొన్నేండ్లకే అది అంగళ్ళ నుండి తొలగెను.

గ్రుచ్చకయే చక్కెర కొలుతుమని చెప్పు ఉంగరములు, గడియారములు నేడును అమ్ముచున్నారు. అట్టి వానిలో దేనికిని తాము అనుమతి నీయలేదని అదే సంస్థ 2024లో హెచ్చరించినది. ఆ అంకె చూచి ఇన్సులిన్ మోతాదు పెంచుకొన్నవాని గతి వేరుగ చెప్పవలెనా?

ఇక ఖర్చు. బిళ్ళ ఒక్కొక్కటి సుమారు రెండు వారములే పనిచేయును. వెల వేలలో నుండును. మాత్రలతో నిలకడగా నున్న పెద్దలకు వైద్యుడు చెప్పిన గడువులలో చేయించు రక్తపరీక్ష తరచు చాలును. వారు వేడుకకై ధరించుట మాకు రుచింపదు. ఇంటిలో ఇన్సులిన్ పై నున్న బిడ్డ యున్నచో, ముందు ఆ బిడ్డకే కొనవలెను. కొనునపుడు రాత్రి చక్కెర పడినచో అది మ్రోగునా యని అంగడివానిని తప్పక అడుగవలెను. తొలినాటి కొన్ని రకములు యంత్రమును దగ్గరకు చేర్చి చూచినగాని ఏమియు చెప్పవు.