పిల్లలు తెచ్చిన కుక్కపిల్ల



ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగు, పులివెందులలోనైనా పిల్లలు వీధిలోని కుక్కపిల్లను ఎత్తుకొనివచ్చి "పెంచుకుందాం" అని మారాం చేయడం మామూలే. రెండు నెలలు నిండకుండా దానిని తల్లినుండి వేరుచేయకండి. కొత్తలో రాత్రంతా మూలుగుతుంది, చెప్పులు కొరుకుతుంది. కొట్టక, ఓపికతో నేర్పండి. మన కడప ఎండలకు నీడ, నీళ్లు తప్పనిసరి. పశువైద్యశాలలో నట్టల మందు త్రాగించి, మూడు నెలల వయస్సులో రేబిస్ టీకా వేయించండి. ఏటేటా మరల వేయించండి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆటలో పంటిగాటు పడితే, తిడతారన్న భయంతో పిల్లలు దాచిపెడతారు. "చిన్న కుక్కపిల్లే కదా" అని పెద్దలూ ఊరకుంటారు. కుక్కపిల్ల కాటువలన కూడా రేబిస్ రావచ్చును. లక్షణాలు కనబడిన తరువాత బ్రతకడం దాదాపు అసాధ్యం. గాయానికి కారం, సున్నం పెట్టకండి. ధారగా పడే నీటిక్రింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనివెళ్లండి. సూదులన్నీ చెప్పిన తేదీలకే వేయించండి. పిచ్చికుక్క కరచిన 9 ఏండ్ల జోసెఫ్ మైస్టరుకు 1885లో లూయీ పాశ్చర్ టీకా ఇప్పించాడు, బాలుడు బ్రతికాడు.

గనుక ఈ సాయంకాలమే మీ పిల్లలను కూర్చోబెట్టుకొని చెప్పండి: "కుక్క కరిచినా, గీరినా వెంటనే మాతో చెప్పు నాయనా, మేమేమీ అనము." ఆ మాట నిలబెట్టుకోండి.