గంట మోగింది, లేచిందెవరు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగినప్పుడు మేము ముగ్గురం మొదట హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాము. ట్రంకు పెట్టెలు, నీళ్ళ ట్యాంకరు దగ్గర తోపులాట, పరీక్షల ముందు వరండా లైటు కింద చదువులు. కానీ అవి ప్రతి సంచికలోనూ వస్తాయి, మాకంటే బాగా రాసే అన్నలున్నారు. అందుకని రెండేళ్ళుగా ఆదివారాలు ఇక్కడికొచ్చి కంప్యూటర్ నేర్పుతుండగా మాకు కలిగిన ఒక అభిప్రాయాన్ని మీ ముందు పెడుతున్నాము. ఒప్పుకోకపోయినా పర్వాలేదు, చదివి మాతో వాదించండి.

ముందు మన గంట సంగతి చెప్పాలి. వేపచెట్టుకు వేలాడే ఆ రైలు పట్టా ముక్క మీకందరికీ తెలుసు. గుంతకల్లులో గంట కోసం ఇత్తడి కొనే అవసరం ఎవరికీ రాలేదనుకుంటాము. దాన్ని కొట్టే వాచ్‌మన్ తాతకు ఎవరు లేస్తారో తెలియదు, తెలియనక్కర్లేదు. ఆ మోతకు చిన్నపిల్లలు కంచాలు పట్టుకుని పరిగెత్తుతారు, వంటక్క గరిటె అందుకుంటుంది, కామాటి నీళ్ళ బకెట్ తెచ్చిపెడతాడు, కుక్క వచ్చి మెట్టు దగ్గర కూర్చుంటుంది. మోత ఒకటే, పనులు నాలుగు. రేపు కొత్త పిల్లవాడు చేరితే ఆ సంగతి గంటకు చెప్పిరానక్కర్లేదు. సంక్రాంతి సెలవుల్లో హాస్టల్ ఖాళీగా ఉన్నప్పుడు కొట్టినా అదే మోత మోగుతుంది. ఎవరూ రాలేదని గంట ఎవరితోనూ మొరపెట్టుకోదు.

కంప్యూటర్లో కిటికీలు, బటన్లు ఉండే ప్రోగ్రాములు తయారుచేయడానికి క్యూట్ అనే సాధనం ఒకటుంది. రాతలో క్యూ, టీ అని రెండక్షరాలే. నార్వే దేశపు ఇద్దరు మిత్రులు, హావర్డ్ నోర్డ్, ఐరిక్ చాంబే ఎంగ్, 1994లో కంపెనీ పెట్టి 1995లో దీన్ని మొదటిసారి లోకానికి విడుదల చేశారు. ఆ కంపెనీయే తర్వాత ట్రోల్‌టెక్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. లినక్స్‌లో కేడీఈ అనే డెస్క్‌టాప్ మొత్తం దీని మీదనే కట్టారు. అంత దూరం ఎందుకు, మనం సినిమాలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ కిటికీ కూడా కంప్యూటర్ మీద దీనితో చేసిందే.

ఇందులో తెర మీద కనిపించే ప్రతి వస్తువునూ విడ్జెట్ అంటారు. బటన్ ఒక విడ్జెట్, అంకెలు పెంచి తగ్గించే స్పిన్‌బాక్స్ ఒక విడ్జెట్, అక్షరాలు చూపించే లేబుల్ ఒక విడ్జెట్. బటన్ నొక్కితే "నన్ను నొక్కారు" అని అది ఒక కేక వేస్తుంది. ఆ కేక పేరు సిగ్నల్. దాన్ని విని పనిచేసే భాగం పేరు స్లాట్. ఈ రెంటినీ ముడివేసే వాక్యం పేరు కనెక్ట్. ఎవరు కేక వేస్తారు, ఏ కేక, ఎవరు వింటారు, విని ఏ పని చేస్తారు, ఈ నాలుగూ ఆ ఒక్క వాక్యంలో చెప్పాలి. మన గంటలాగే బటన్‌కు కూడా వినేవాడెవడో తెలియదు. ఒక సిగ్నల్‌కు ఎన్ని స్లాట్లయినా కట్టవచ్చు, ఒక స్లాట్ ఎన్ని సిగ్నళ్ళయినా వినవచ్చు. ఏమీ కట్టకుండా వదిలేస్తే బటన్ లోపలికి పోతుంది, పైకి వస్తుంది, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. తప్పు అని ఒక్క మాట రాదు.

మా అభిప్రాయం ఏమిటంటే, హాస్టల్ పిల్లలకు కంప్యూటర్ పాఠం ఈ కనెక్ట్ వాక్యంతోనే మొదలవ్వాలి. కట్టడం ఒక ఎత్తు, కట్టిన ముడి నిలిచిందో లేదో చూడటం ఇంకో ఎత్తు. రెండోది నేర్పకపోతే మొదటిది నేర్పి ప్రయోజనం లేదు.

ఈ మాట మేము ఊరికే అనడంలేదు, చేతులు కాల్చుకుని అంటున్నాము. మొదటి ఏడాది మేము హాజరుకు ఒక చిన్న ప్రోగ్రాం రాశాము. స్పిన్‌బాక్స్‌లో ఆ పూట ఉన్న పిల్లల సంఖ్య పెడితే, పక్కన లేబుల్ మీద ఎన్ని కిలోల బియ్యం పొయ్యాలో వస్తుంది. వంటక్క ఆ అంకె చూసి కొలుస్తుంది. పండుగ మరుసటి రోజు మధ్యాహ్నానికి 62 మంది ఉన్నారు, రాత్రికి ఊళ్ళ నుంచి అందరూ దిగి 81 మంది అయ్యారు. రాత్రి అంకె మార్చాము, స్పిన్‌బాక్స్ 81 చూపించింది, లేబుల్ మాత్రం మధ్యాహ్నం లెక్క దగ్గరే నిలబడిపోయింది. మేము గమనించలేదు. చివరి పంక్తిలో కూర్చున్న పదో తరగతి పిల్లలకు సాంబారు వచ్చింది, అన్నం రాలేదు. వంటక్క రాత్రి తొమ్మిదిన్నరకు మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ.

కారణం వెతికితే, ఆ వారం లేబుల్‌ను మార్చే స్లాట్ పేరును మేమే సరిదిద్ది, కనెక్ట్ వాక్యంలో పాత పేరే వదిలేశాము. మధ్యాహ్నం అంకె ప్రోగ్రాం తెరవగానే లెక్కగట్టి చూపింది కాబట్టి అనుమానం రాలేదు. క్యూట్ పాత పద్ధతిలో సిగ్నల్, స్లాట్ పేర్లను ఉత్త అక్షరాలుగానే రాసేవాళ్ళు. పేరు తప్పయినా ప్రోగ్రాం తయారవుతుంది. నడిచేటప్పుడు మాత్రం "అలాంటి స్లాట్ లేదు" అని నల్ల తెర మీద ఒక వరుస పడుతుంది. మేము బొమ్మ మీద రెండుసార్లు నొక్కి తెరిచేవాళ్ళం, ఆ నల్ల తెర కనిపించనే కనిపించదు. హెచ్చరిక ఇచ్చినా చూసేవాడు లేని చోట ఇచ్చింది.

ఇక్కడే మన ఊరు గుర్తుకొస్తుంది. గుంతకల్లు 1956 నుంచి రైల్వే డివిజన్ కేంద్రం. రాయచూరు, బళ్ళారి, గుత్తి, డోన్ దిక్కులకు ఇక్కడి నుంచి పట్టాలు విడిపోతాయి. మనలో చాలామంది నాన్నలు, తాతలు ఆ పట్టాల మీద గ్యాంగ్‌మన్లుగా, పాయింట్స్‌మన్లుగా పనిచేసినవాళ్ళే. సిగ్నల్, స్లాట్ అనే రెండు మాటలూ వాళ్ళకు క్యూట్ పుట్టకముందే తెలుసు. కొన్ని సిగ్నళ్ళకు ఇద్దరి చెయ్యి పడాలి. క్యాబిన్‌లో లీవర్ లాగినా అవతలి క్యాబిన్ లేదా స్టేషన్ మాస్టరు స్లాట్ ఇవ్వనిదే రెక్క కదలదు. అక్కడ స్లాట్ అంటే అనుమతి, ఇక్కడ స్లాట్ అంటే వినే చెవి. పేరొకటే, పని వేరు. ఈ రెంటినీ కలిపేసుకోవద్దని క్లాసులో ప్రతిసారీ చెబుతాము.

కానీ రైల్వే నుంచి నేర్చుకోవలసిన అసలు సంగతి పేరు కాదు. పాత రెక్క సిగ్నల్‌ను దూరం నుంచి తీగతో లాగేవారు. ఆ తీగ తెగిపోతే ఏమవుతుంది? రెక్క తన బరువుకు తానే అడ్డంగా నిలబడుతుంది. అడ్డంగా నిలబడటం అంటే ఆగు అని అర్థం. బండి ఆగుతుంది, డ్రైవరు విజిల్ వేస్తాడు, ఏదో తప్పు జరిగిందని అందరికీ తెలుస్తుంది. రెక్కలు పోయి రంగు దీపాలు వచ్చాక కూడా సూత్రం అదే. పట్టాల్లో పారే కరెంటు పోతే రిలే పడిపోయి ఎర్ర దీపమే వెలుగుతుంది. అంటే అక్కడ ముడి తెగితే ఆ తెగడమే ఒక సిగ్నల్ అవుతుంది. మా ప్రోగ్రాంలో ముడి తెగితే లేబుల్ నిన్నటి అంకెనే ధైర్యంగా చూపిస్తూ కూర్చుంది. ఎర్ర దీపం వెలగాల్సిన చోట పచ్చ దీపం వెలిగినట్టు.

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్ళున్నారు. మా సీనియర్ అన్న ఒకరు ఖచ్చితంగా అన్నారు: "మనవాళ్ళకు ముందు కూడు పెట్టేది నేర్పండి. టైపింగ్, ఎక్సెల్, ట్యాలీ వస్తే బజార్లో ఏదో ఒక షాపులో నెలకు ఇంత వస్తుంది. ఈ సిగ్నళ్ళు, స్లాట్లు ఎవరికి కావాలి?" ఆయన మాటను మేము తేలిగ్గా తీసుకోము. వేరుశనగ పంట ఏడాది పండితే మూడేళ్ళు ఎండే జిల్లా ఇది. మాలో ఇద్దరం డిగ్రీ ఫీజు కట్టుకుంది డీటీపీ సెంటర్లో టైపు కొట్టే. ట్యాలీ వద్దని మేము ఎక్కడా అనలేదు.

అయితే ఒక సంగతి. మాలో ఒకడు ఇంటర్ చదివేటప్పుడు స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు నెట్ సెంటర్లో ఫారం నింపి చివరి బటన్ నొక్కాడు. బటన్ లోపలికి పోయింది, పైకి వచ్చింది. తెర మీద ఏమీ రాలేదు. అయిపోయిందనుకుని పది రూపాయలిచ్చి ఇంటికొచ్చాడు. జాబితాలో పేరు రాలేదు. అది ఏ సైటో, తప్పు ఎక్కడ జరిగిందో ఇక్కడ అనవసరం, అది క్యూట్‌తో చేసింది కూడా కాదు. వాడు మాత్రం ఆ ఏడాదంతా తానే సరిగ్గా నొక్కలేదనుకున్నాడు. మనవాళ్ళ అలవాటు ఇది. యంత్రం పలకకపోతే మన చెయ్యే మంచిది కాదనుకుంటాము. బటన్ వెనుక ఒక ముడి ఉంటుందని, దాన్ని ఎవరో ఒక మనిషి కట్టాలని, ఆ మనిషి మరిచిపోవచ్చని తెలిసిన పిల్లవాడు అంత తేలిగ్గా ఇంటికి పోడు. రసీదు నంబరేదని అడుగుతాడు. ట్యాలీ షాపులో కూర్చునేవాడికి కూడా ఈ బుద్ధి అవసరమే.

పిల్లలకు ఇది అర్థంకాదనే భయం మాకూ ఉండేది, అది పోయింది. ఒక ఆదివారం స్పిన్‌బాక్స్‌నూ, పక్కకు జరిపే స్లైడర్‌నూ ఒకదానికొకటి రెండువైపులా కట్టి చూపించాము. ఇది కదిలితే అది కదులుతుంది, అది కదిలితే ఇది. తొమ్మిదో తరగతి తమ్ముడు లేచి, "అన్నా, అట్లయితే ఒకదాన్నొకటి పిలుచుకుంటా తెల్లార్లూ ఆగవు గదా?" అన్నాడు. చాలామంది ఇంజనీరింగ్‌లో అడగని ప్రశ్న. జవాబు చిన్నదే. అంకె నిజంగా మారితేనే ఆ విడ్జెట్ కేక వేస్తుంది. ఉన్న అంకెనే మళ్ళీ ఇస్తే ఊరుకుంటుంది. అందుకే ఒక్క చుట్టుతో ఆగిపోతుంది.

ఇప్పుడు మేము పైథాన్‌తోనే నేర్పుతున్నాము. అందులో లేని పేరుకు ముడివేయబోతే ప్రోగ్రాం అక్కడే తప్పని నిలబడిపోతుంది. సీ ప్లస్ ప్లస్‌లో రాసేవాళ్ళకు కూడా 2012 డిసెంబరులో వచ్చిన క్యూట్ 5 నుంచి కొత్త పద్ధతి ఉంది, పేరు తప్పయితే ప్రోగ్రాం తయారే కాదు. పైథాన్‌లో పిల్లలు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. స్లాట్ పేరు మాత్రమే ఇవ్వాల్సిన చోట దాని వెనుక కుండలీకరణాలు కూడా పెట్టేస్తారు. అప్పుడు ముడిపడకముందే ఆ పని జరిగిపోతుంది, గంట కొట్టకముందే అన్నం తినేసినట్టు. ఇంకొకటి, అదే ముడిని రెండుసార్లు వేస్తే స్లాట్ రెండుసార్లు పనిచేస్తుంది. మా హాజరు పుస్తకంలో ఒక నెల ప్రతి పేరూ రెండేసిసార్లు పడింది ఇందుకే.

ఇంకొక గుణం గురించి చెప్పి ముగిస్తాము. క్యూట్‌లో వినే వస్తువు నాశనమైతే దానికున్న ముళ్ళన్నీ వాటంతటవే ఊడిపోతాయి. ఇది మంచిదే, లేకుంటే లేనివాడిని పిలిచి ప్రోగ్రాం కుప్పకూలుతుంది. కానీ కేక వేసేవాడికి ఆ సంగతి తెలియదు. హాస్టళ్ళలో పెరిగినవాళ్ళకు దీన్ని విడిగా వివరించనక్కర్లేదు. ఓపికగా వినే సార్ ఒకరుంటారు, బాత్‌రూం తలుపు దగ్గర్నుంచి దుప్పట్ల దాకా ఆయనకే చెప్పుకుంటాము. ఆయనకు బదిలీ అవుతుంది. పిల్లలు ఇంకో ఆరు నెలలు చీటీలు రాసి పెట్టెలో వేస్తూనే ఉంటారు. అందుకని ఏ హాస్టల్లోనైనా ఫిర్యాదు పుస్తకంలో "చదివినవారు, తేదీ" అని ఒక గడి ఉండాలని, అది ఖాళీగా ఉన్నంతకాలం అందరికీ కనబడే చోట ఉండాలని మేము కోరుతున్నాము. ఖర్చు ఒక స్కేలు, ఒక ఎర్ర పెన్ను.

మా ప్రోగ్రాంను కూడా ఆ లెక్కలోనే మార్చాము. ఇప్పుడు కిటికీ తెరవగానే బియ్యం అంకె ఎర్రగా ఉంటుంది. ఆ పూట హాజరు అంకె వచ్చి చేరితేనే నల్లగా మారుతుంది, పూట మారితే మళ్ళీ ఎరుపే. వంటక్కకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. పోయిన నెలలో ఒక సాయంత్రం అంకె ఎర్రగానే ఉండిపోయింది. ఆమె బియ్యం డబ్బా మూత తియ్యకుండా బయటికొచ్చి, వరండాలో క్లాసు చెబుతున్న మమ్మల్ని కేకేసింది.