మోతకు సరిహద్దు లేదు

డీజే మోతకు కమిషనరేట్ల సరిహద్దులు తెలియవు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ ఉత్తర్వు ఆ కమిషనరేట్ పరిధికే. పొరుగున సైబరాబాద్‌లో అడుగుపెడితే అధికారి వేరు, ఉత్తర్వు వేరు. కానీ 2000 నాటి కేంద్ర శబ్ద కాలుష్య నిబంధనలు దేశమంతటికీ ఒక్కటే. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు మోగరాదు. రాష్ట్రాలు పండుగలకు సడలింపు ఇవ్వగలిగేది ఏడాదికి 15 రోజులే, అదీ అర్ధరాత్రి వరకే. పసిబిడ్డ నిద్ర, రోగి గుండె ఏ నగరంలోనైనా ఒకటే. ఇరుగుపొరుగు నగరాల పోలీసులు కలిసి కూర్చుని ఒకే కట్టడి తేవాలి, ఒకేలా అమలు చేయాలి.