మందు రాసే పెన్ను ఎవరిది?

సర్కారు మెడికల్ కాలేజీల్లో పీజీ చేసే డాక్టర్లకు స్టైపెండ్ వచ్చేది మన పన్నుల పైసల నుంచే. వాళ్లు పని నేర్చుకునేది పేద రోగుల మంచాల దగ్గర. మరి సదస్సులో భోజనం, బ్యాగు, పెన్ను మందుల కంపెనీవి ఎందుకు కావాలని మేం అడుగుతున్నాం.

ఈ ప్రశ్న సైకియాట్రీకి మరీ గట్టిగా వర్తిస్తుంది. షుగరుకు రక్తపరీక్ష ఉంది, విరిగిన ఎముకకు ఎక్స్‌రే ఉంది. డిప్రెషన్‌ను అట్లా తేల్చే పరీక్ష లేదు. రోగితో మాట్లాడి డాక్టరే తేల్చాలి. మందులేమో నెలలు, ఏండ్ల తరబడి వాడాలి. ఆ తీర్పు నేర్చుకునే మూడేండ్లలోనే కంపెనీ ప్రతినిధి పక్కన చేరితే, ఆ అలవాటు ముప్పయ్యేండ్లు నడుస్తుంది. కంపెనీకి అది ఖర్చు కాదు, పెట్టుబడి.

అమెరికాలో ఏం జరిగింది? జైప్రెక్సాను అనుమతి లేని జబ్బులకు, ముసలివాళ్ల డిమెన్షియాకు సైతం ప్రచారం చేసిన కేసులో ఎలీ లిల్లీ 2009లో 141.5 కోట్ల డాలర్లు కట్టింది. హార్వర్డ్ సైకియాట్రీ ప్రొఫెసర్ జోసెఫ్ బీడర్‌మన్ కంపెనీల నుంచి తీసుకున్న 16 లక్షల డాలర్లలో చాలా భాగం యూనివర్సిటీకి చెప్పలేదని 2008లో సెనేటర్ గ్రాస్లీ విచారణ బయటపెట్టింది. గురువే అట్లా ఉంటే శిష్యుడికి ఏం అబ్బుతుంది? 2010 చట్టంతో అక్కడ కంపెనీల చెల్లింపులు జనానికి తెలుస్తున్నాయి. కానీ శిక్షణలో ఉన్న డాక్టర్లను ఆ లెక్కలోంచి వదిలేశారు!

మన దగ్గర? డాక్టర్లు కంపెనీల బహుమతులు, ప్రయాణాలు తీసుకోరాదని మెడికల్ కౌన్సిల్ 2009లోనే నిబంధన పెట్టింది. బహుమతుల ఖర్చుకు కంపెనీలకు పన్ను మినహాయింపు లేదని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. 2024లో కేంద్రం మార్కెటింగ్ నియమావళి తెచ్చింది. దాని కింద ఫిర్యాదు వినేది కంపెనీల సంఘాలు వేసుకున్న కమిటీయే! గొర్రెల మందకు తోడేలు కాపలా.

ఈ బిల్లు చివరికి కట్టేది రోగి. ఖరీదైన బ్రాండు కొనలేక మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

ఉస్మానియా, గాంధీ, కాకతీయ మెడికల్ కాలేజీల విద్యార్థులు తెలంగాణ కోసం రోడ్డెక్కారు. 2014లో రాష్ట్రం వచ్చింది. ఇక సాకు చెప్పడానికి పరాయి పాలకులు లేరు. శిక్షణ విభాగాల్లోకి కంపెనీ ప్రతినిధులను రానివ్వొద్దు. పీజీల సదస్సులకు, పుస్తకాలకు సర్కారే పైసలివ్వాలి. జనరిక్ పేరుతో మందు రాయడం మొదటి ఏడు నుంచే నేర్పాలి.

జూనియర్ డాక్టర్లారా, ఈ డిమాండ్ మీ నోటి నుంచే రావాలి. మా పెన్ను మేమే కొనుక్కుంటామని చెప్పండి.