వలీమాలో మెరవని పట్టీ

మా ఖాందాన్‌లో ఈ మధ్య జరిగే షాదీల్లో దుల్హాకు ఇచ్చే తోఫాల్లో స్మార్ట్‌వాచ్ ఖాయమైపోయింది. స్టేజీ మీద షేర్వానీ చెయ్యి కాస్త పైకి లాగి మణికట్టు తిప్పి చూపించడం కూడా ఒక రస్మ్ అయింది. ముబారక్. కానీ అది కట్టుకుని రేపటి నుంచి పరిగెడతా, సైకిల్ తొక్కుతా, దిల్ సంగతి అదే చూసుకుంటుంది అంటే మాత్రం నేను ఒప్పుకోను. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు అది సరిగ్గానే చెబుతుంది, ఇన్సాఫ్‌గా ఆ మాట అంటాను. కసరత్‌లో దాన్ని నమ్మడం వేరే సంగతి.

ఒకరోజు ఫజర్ తర్వాత నెక్లెస్ రోడ్డు మీద మెల్లగా పరిగెడుతున్నా. పక్కనున్న దోస్త్‌తో హాయిగా గుఫ్తగూ చేస్తూనే ఉన్నా. గడియారం 168 అంటోంది. నా వయసులో 168 దగ్గర మనిషి కబుర్లు చెప్పడు, సాన్స్ కోసం వెతుక్కుంటాడు. భయపడి ఆగి, మెడ మీద రెండు వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టా. 33. అంటే నిమిషానికి 132. మరి 168 ఎక్కడిది? నా అడుగులది! గడియారం ఆకుపచ్చ దీపం వేసి చర్మం కింద ఖూన్ హెచ్చుతగ్గుల్ని పసిగడుతుంది. పరిగెత్తేటప్పుడు చెయ్యి ఊగే లయ కూడా అందులో కలిసిపోతుంది. అడుగులు నిమిషానికి 160, 170 పడుతుంటే ఒక్కోసారి ఆ లెక్కనే పట్టుకుని ఇదే నీ ధడకన్ అంటుంది. సైకిల్ మీదైతే హ్యాండిల్ పట్టిన మణికట్టు వంగుతుంది, గతుకుల్లో గడియారం కదులుతుంది, అక్కడా గల్లంతే.

ఛాతీ పట్టీ అలా కాదు. ఈసీజీ తీసినట్టే దిల్ పుట్టించే కరెంటునే అది పట్టుకుంటుంది. ఫిన్లాండ్‌లోని పోలార్ కంపెనీ తీగ లేని మానిటర్‌ను 1982లోనే తెచ్చింది. అంటే ఇది కొత్త కరామత్ ఏమీ కాదు. ఖరీదైన గడియారం కన్నా చాలా సస్తా కూడా. కట్టుకునే ముందు లోపలి వైపు నీళ్ళతో తడపాలి. పొడిగా కట్టుకుని, మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు చూసి "బేకార్ మాల్" అన్నవాళ్ళని నేనెరుగుదును.

దుకాణంలో అడగాల్సినవి కొన్నే. బ్లూటూత్, యాంట్ ప్లస్ రెండూ ఉన్నాయా? మొదటిది ఫోన్‌కి, రెండోది సైకిల్ కంప్యూటర్‌కి. బిళ్ళ బ్యాటరీ మనమే మార్చుకోవచ్చా? డబ్బీ ఊడదీసి పట్టీ ఉతకొచ్చా? సైకిల్‌కి కేడెన్స్, అంటే నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరిగిందో కావాలంటే, అయస్కాంతం అవసరం లేకుండా క్రాంక్‌కు బిగించే చిన్న సెన్సర్ చాలు. పరుగుకి విడిగా కొనొద్దు. అడుగుల లెక్క ఫోన్ చెబుతుంది, కొన్ని పట్టీలూ చెబుతాయి. ఇక 180 అడుగులు ఫర్జ్ అన్నట్టు మాట్లాడే కుర్రాళ్ళున్నారు. ఆ అంకె 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ పరుగువీరుల్ని చూసి జాక్ డేనియల్స్ అనే కోచ్ లెక్కపెట్టినది. మనం ఒలింపిక్స్‌కి పోవడం లేదు.

అసలు నా గుస్సా మా భాయ్‌జాన్ గురించి. 52 ఏళ్ళు. బీపీకి మెటోప్రొలాల్ గోలీ వేసుకుంటాడు. కొడుకు గడియారం కట్టి, 220 లోంచి వయసు తీసేసి 168 అన్నాడు, అందులో 85 శాతం 143 చేరాలన్నాడు. ఆ గోలీ పనే ధడకన్‌ను పట్టి ఉంచడం. 120 దాటడం లేదు. కొడుకేమో "అబ్బా, ఇంకా తేజ్" అంటున్నాడు. నాలుగో రోజు కళ్ళు తిరిగి ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. అల్లా కా షుకర్, అంతటితో పోయింది. ఆ 220 లెక్క గోలీలు వేసుకోనివాళ్ళకే పది పన్నెండు అటూఇటూ అవుతుంది. గోలీ వేసుకునేవాళ్ళు తమ అంకె డాక్టర్‌నే అడగాలి. గడియారానికి మీ గోలీల డబ్బా కనపడదు.

ఇంకొకటి. మా భాభీకి శుగర్. నడవమని డాక్టర్ చెప్పి ఆరేళ్ళయింది. ఆమెకి ఎవరూ ఏమీ కొనలేదు. మన ఇళ్ళలో మర్దుల మణికట్లకు గడియారాలు, ఔరత్‌ల శుగర్‌కు నసీహత్‌లు! పట్టీ బుర్ఖా లోపలే ఉంటుంది, ఎవరి కంటా పడదు. డబ్బీ ఒకటి, పట్టీలు రెండు కొంటే ఇద్దరికీ సరిపోతుంది. ఎవరి కంటా పడదు కాబట్టే దీన్ని ఎవరూ తోఫాగా ఇవ్వరని నా షక్.

భాయ్‌జాన్‌కి కోపంతోనే ఒకటి కొనిచ్చా. డాక్టర్ ట్రెడ్‌మిల్ మీద పరీక్ష చేసి 110 దాటొద్దన్నాడు. ఇప్పుడు ఆ డబ్బీ ఎక్కువగా భాభీ దగ్గరే ఉంటోంది. భాయ్‌జాన్ పొద్దున్నే అడిగి తీసుకోవాల్సి వస్తోంది.