జెముడు పాలు – కళ్ళు జాగ్రత్త!

మల్లె పందిరికీ, తులసి కోటకీ చోటులేని ఇళ్ళలో కూడా యీ రోజుల్లో కిటికీ గట్టు మీద ఒక కలబంద, ఒక జెముడు, ఒక ఎడీనియం కుండీ కనిపిస్తున్నాయి. ఆకుల్లోనో, కాండంలోనో నీరు దాచుకునే మొక్కలివి. పెద్దగా సేవ కోరవు. "మొక్కల సంగతి డాక్టరుకెందుకు?" అని మీరు అడగవచ్చు. ఎందుకో చెబుతాను.

కొంతకాలం క్రితం ఒక పెద్దావిడ మా ఆసుపత్రికి వచ్చింది. వరండాలో గుబురుగా పెరిగిన కాడజెముడు (పెన్సిల్ మొక్క అని అమ్ముతారే, అది) కొమ్మలు కత్తిరించిందట. చేతికంటిన తెల్లని పాలు కొంగుతో తుడుచుకుని, అదే కొంగుతో చెమట పట్టిన ముఖమూ తుడుచుకుంది. కాసేపటికి కన్ను మంట. పొరుగావిడ చెప్పిందని ఆముదం చుక్క వేశారు. మరునాడు, అల్లుడికి ఎప్పుడో వ్రాసిచ్చిన చుక్కల మందు బీరువాలోంచి తీసి వేశారు. మూడోనాటికి చూపు మసకబారింది. కంటి ముందుభాగంలో అద్దంలా వుండే కార్నియా పొర ఒరిసిపోయింది. కంటి డాక్టరు చికిత్సతో చూపు తిరిగి వచ్చింది కాని, ఆ మూడు రోజులూ వృథా కాకుండా వుంటే ఆవిడకు అంత బాధ తప్పేది.

ఈ పాలు తగిలినప్పుడు మంట మొదట కొద్దిగానే వుండవచ్చు. కొన్ని గంటలు గడిచాక, ఒక్కొక్కప్పుడు మరునాటికి, ఎక్కువవుతుంది. కనుక "తగ్గిపోతుందిలే" అని పడుకోవద్దు. వెంటనే కుళాయి కింద గాని, చెంబుతో ధారగా గాని, రెప్పలు తెరిచిపట్టి కనీసం 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని మరీ కడగండి. మనకు రెండు నిమిషాలే పదిహేను నిమిషాలుగా తోస్తాయి. కాంటాక్టు లెన్సు వుంటే తీసివేయండి. ఆముదం, చనుబాలు, తేనె – ఏవీ వద్దు. ఇంట్లో మిగిలిన చుక్కల మందు అసలే వద్దు. కొన్నింటిలో స్టీరాయిడ్ వుంటుంది. పుండు పడిన కంట్లో క్రిములు చేరితే ఆ మందు వాటికే సాయం చేస్తుంది. కడిగిన తరువాత మంట తగ్గినా సరే, అదే రోజు కంటి డాక్టరుకు చూపించుకోండి. కొమ్మ ముక్క ఒకటి ప్లాస్టిక్ సంచిలో వేసి తీసుకువెళితే మరీ మంచిది.

కాడజెముడు ఒక్కటే కాదు. ఎర్రని చిన్న పూలు పూసే ముళ్ళ యుఫోర్బియాలోనూ, బొంతజెముడులోనూ ఇవే పాలు. నాగజెముడు వంటి అసలు కాక్టస్‌లతో బాధ వేరు. వాటి నూగుముళ్ళు చర్మంలో విరిగి దురద పెడతాయి. గోళ్ళతో గీకకుండా, చిమటాతో తీయండి.

ఎడీనియం పూలు చూడముచ్చటగా వుంటాయి కాని, దాని రసం గుండె మీద పనిచేసే విషం. ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. పాకే పిల్లలున్న ఇంట్లో నేలమీద పెట్టకండి.

కలబంద సంగతి వేరు. గుమ్మానికి దిష్టి కోసం వేలాడదీసిన కలబంద మట్టీ నీరూ లేకుండా నెలల తరబడి బ్రతకడం మీరు చూసే వుంటారు. అయినా దానికి రోజూ చెంబెడు నీళ్ళు పోసి వేళ్ళు కుళ్ళబెట్టేవారున్నారు! లోపలి తెల్లని గుజ్జును చర్మానికి రాసుకుంటే చాలామందికి ఇబ్బంది వుండదు. ఆకు కోయగానే కారే పసుపుపచ్చని రసం మాత్రం గట్టి విరేచనకారి. గర్భిణీలు దాన్ని తీసుకోకూడదు. షుగరు తగ్గుతుందని ఎవరో చెప్పారని మాత్రలు మానేసి కలబంద రసం తాగేవారికి నేను చెప్పేది ఒకటే: మాత్రలు మానవద్దు.

ఇక నీళ్ళు. ఈ మొక్కలకు కుండీ అడుగున చిల్లు, మట్టిలో సగానికి సగం ఇసుక, మంచి ఎండ కావాలి. వ్రేలు పెట్టి చూసి, లోపలి మట్టి కూడా పొడిగా వుంటేనే నీరు పోయండి. వానాకాలంలో ఆ అవసరం అరుదు. కుండీ కింది పళ్ళెంలో నీరు నిలిస్తే మొక్కకు చేటు, మీకు అంతకన్నా చేటు. డెంగ్యూ తెచ్చే దోమకు ఆ కాస్త నీరు చాలు. వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. నీరు పారబోస్తే చాలదు. గుడ్లు పళ్ళెం అంచుకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి వుండి, నీరు తగలగానే పొదుగుతాయి. వారానికొకసారి పీచుతో గట్టిగా తోమండి.

ఈ మొక్కలు గదిలో గాలిని శుద్ధి చేస్తాయని ప్రచారం వుంది. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన పరీక్షలు మూసివుంచిన పెట్టెల్లో చేసినవి. మీ గది పెట్టె కాదు. కిటికీ తెరవండి.

పసిపిల్లలున్న ఇంట్లో కాడజెముడు వద్దనే నా సలహా. ఉంచదలచినవారు కత్తిరించే రోజు చేతులకు తొడుగులూ, కళ్ళకు జోడూ పెట్టుకోండి. పని కాగానే కత్తెరనూ చేతులనూ సబ్బుతో కడగండి. ఆ తరువాతే కొంగు ముట్టుకోండి.