కొయ్య స్తంభానికి మందు లోపలే పెట్టాలి

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి రైతులకు, పంచాయతీ సభ్యులకు, బెస్కాం అధికారులకు విన్నపం



పెద్ద లైన్లు సిమెంటు స్తంభాల మీదికి మారినా, బోరు మోటారుకు వైరు లాగడానికి మనం ఇంకా నీలగిరి కొయ్యలే పాతుతున్నాం. పైకి గట్టిగా కనబడే కొయ్య ఒక్క గాలివానకు మొదలు దగ్గర విరుగుతుంది. తెగిపడిన వైరు మనిషినీ, గొడ్డునూ బతకనివ్వదు.

నేలమట్టం దగ్గర కొయ్యకు తేమా, గాలీ రెండూ అందుతాయి. ఎండినప్పుడు పడిన నెర్రెల గుండా శిలీంధ్రం దూరి చేవను తినేస్తుంది. పైన పూసిన తారు అక్కడికి చేరదు.

1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి ‘ఆస్కు’ మందు తయారుచేశారు. ఒత్తిడితో కొయ్యకు పట్టించే ఆ మందు ఎన్నో దేశాల్లో స్తంభాలను కాపాడింది. కానీ అదీ చేవలోకి సరిగా ఇంకదు. అందుకే 1960ల చివర్లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు, పాతిన స్తంభాలకే ఆవిరయ్యే మందు పెట్టి చూశారు. నేలమట్టం దగ్గర చుట్టూ ఏటవాలుగా రంధ్రాలు తొలిచి, మెటామ్ సోడియం లాంటి మందు నింపి బిరడా బిగిస్తారు. ఆవిరి కొయ్యలో పైకీ కిందికీ పాకి శిలీంధ్రాన్ని చంపుతుంది. పోయిన బలాన్ని మాత్రం తిరిగి తేలేదు. గుల్లబారకముందే పెట్టాలి.

దేశంలో తొలి నీలగిరి మొక్కలు 1790 ప్రాంతంలో మన నందికొండ మీద, టిప్పు సుల్తాన్ తోటలోనే నాటారని చెబుతారు. అయితే 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. ఇక ఉన్న కొయ్యనే ఎక్కువకాలం నిలుపుకోవాలి.

మేము కోరేది:

1. ఏటా ముంగారు వానలకు ముందు పంచాయతీ, బెస్కాం కలిసి ప్రతి కొయ్య స్తంభాన్నీ సుత్తితో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే తొలిచి చూసి, గుల్లయినదాన్ని వెంటనే మార్చాలి.

2. బెంగళూరు మల్లేశ్వరంలోని కలప విజ్ఞాన సాంకేతిక సంస్థ (IWST), చింతామణి కృషి విజ్ఞాన కేంద్రం కలిసి మన నీలగిరి కొయ్య మీద ఆవిరి మందునూ, అలాగే రంధ్రాల్లో పెట్టే బోరాన్ కడ్డీలనూ పరీక్షించి ఫలితం ఊళ్ళకు చెప్పాలి.

3. ఆవిరి మందు విషం. శిక్షణ పొందినవారే పెట్టాలి. ధాన్యానికి వాడే విషపు బిళ్ళలు ఎవరూ కొయ్యలో దూర్చకూడదు.

4. కొత్తగా పాతేది మందు పట్టించిన కొయ్యే కావాలి. దాని ముక్కలు పొయ్యిలో పెట్టకూడదు.

వచ్చే గ్రామసభలో ఈ నాలుగింటినీ తీర్మానంగా రాయించండి. మొదటి పరీక్ష మీ ఊరి స్తంభాలతోనే మొదలుపెట్టమని అడగండి.